నా రక్తం ఓర్వని బిడ్డ

నాది ఓ నెగెటివ్ రక్తం. డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీకి రక్తదాన శిబిరం వాళ్ళు వచ్చినప్పుడు ఆ సంగతి తెలిసింది. ఈ గ్రూపు చాలా తక్కువమందికి ఉంటుందని వాళ్ళు అంటే, స్నేహితురాళ్ళ ముందు కొంచెం గర్వపడ్డాను కూడా. ఆ రక్తమే తర్వాత నా బిడ్డల మీద పగబట్టింది. ఇప్పుడు రాయగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను. మొదటి కాన్పు అయ్యి ఆసుపత్రి కాగితాలతో ఇంటికి వెళ్తున్న ఆడపిల్ల ఎవరైనా ఇది చదివి, ఆ కాగితాలు ఒక్కసారి విప్పి చూసుకుంటే నాకు అంతే చాలు.

నా పేరు నూర్జహాన్. నల్లమాడ దగ్గర ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మా ఆయన ఖాసీంకు ముదిగుబ్బలో పరుపుల అంగడి ఉంది. దూది ఏకడం, పరుపులు కుట్టడం తాతల నాటి నుంచి వాళ్ళ ఇంటి పని.

మొదటి కాన్పు

ఆయేషా పుట్టినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. రెండో రోజు సాయంత్రమే ఇంటికి పంపించారు. వచ్చేటప్పుడు నర్సు మా అమ్మ చేతిలో ఒక చీటీ పెట్టింది. బిడ్డది పాజిటివ్ రక్తం, తల్లికి మూడు రోజుల లోపల ఒక ఇంజెక్షన్ వేయించాలి, అది అనంతపురంలో దొరుకుతుంది అని ఆ చీటీలో ఉంది. మా అమ్మ హుసేనమ్మకు చదువు రాదు. నర్సు నోటితో కూడా చెప్పిందట. కానీ అమ్మ ఒక చేత్తో బిడ్డను, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని ఆటో కోసం చూస్తోంది. బలానికి వేసే సూదేమో, తీరిగ్గా వేయించవచ్చులే అనుకుంది. చీటీ మడిచి బిడ్డ బట్టల సంచిలో పెట్టింది.

ఆ సంచి నెల రోజులు నా మంచం పక్కనే ఉంది. రోజూ అందులోంచి గుడ్డలు తీశాను. చీటీని ఎన్నిసార్లు పక్కకు జరిపానో. నలభైమంది పిల్లలకు అక్షరాలు దిద్దించే నేను దాన్ని విప్పలేదు.

కాన్పు సమయంలో బిడ్డ రక్తం కొంచెం తల్లిలో కలుస్తుందట. నెగెటివ్ తల్లి ఒంటికి ఆ పాజిటివ్ రక్తం పరాయిదిగా కనిపిస్తుంది. దాన్ని చంపడం నేర్చుకుంటుంది. ఆ నేర్పు రాకుండా ఆపేదే ఆ ఇంజెక్షన్. ఒకసారి నేర్చుకుంటే మరి మరిచిపోదు. మొదటి బిడ్డకు ఏమీ కాదు. తర్వాత కడుపున పడే బిడ్డలకే ఆపద.

నాలుగేళ్ళకు మళ్ళీ కడుపు పండింది. ఏడో నెలలో బిడ్డ కదలడం తగ్గింది. రెండు రోజులకు పూర్తిగా ఆగిపోయింది. మగబిడ్డ. నీరు పట్టి ఒళ్ళంతా ఉబ్బి ఉన్నాడని నాకు చూపించలేదు. గుడ్డలో చుట్టి ఖాసీం చేతికి ఇస్తుంటే ఒక చెవి, చెవి పక్కన తడి జుట్టు కనిపించాయి. అంతే. నా కొడుకును నేను చూసింది అంతే.

అప్పుడే డాక్టరు అడిగింది, "మొదటి కాన్పు తర్వాత మూడు రోజుల్లో ఇంజెక్షన్ వేయించుకున్నావా?" అని. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ ఏదో గుర్తొచ్చినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఖాసీం కబరస్తాన్ నుంచి వచ్చి, కాళ్ళకు అంటిన ఎర్రమట్టి కడుక్కుని, నా మంచం పక్కన కూర్చున్నాడు. యాడ పెట్టినావు అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. మా వైపు ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళరు. బడికి వెళ్ళే బస్సు ఆ కబరస్తాన్ గోడ పక్క నుంచే వెళ్తుంది. రెండేళ్ళపాటు ఎండ పడినా సరే ఆ వైపు సీటులోనే కూర్చున్నాను.

అమ్మ మా ఇంటికి రావడం తగ్గించింది. వచ్చినా గడప దగ్గరే కూర్చుని, ఆయేషా తలకు నూనె పెట్టి వెళ్ళిపోయేది. నీ తప్పు కాదమ్మా అని నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అనలేదు. ఎవరో ఒకరి తప్పు కావాలి నాకు. నాది కాకుండా.

జూన్

ఇంకో రెండేళ్ళకు, బడులు తెరిచే నాటికి నాకు మళ్ళీ నాలుగో నెల. ఈసారి ముందే అనంతపురం వెళ్ళాం. రక్తపరీక్ష చూసి అక్కడి డాక్టరు, "మీ ఒంట్లో బిడ్డ రక్తాన్ని చంపే యాంటీబాడీలు చాలా ఎక్కువగా ఉన్నాయి. ఇక్కడ కాదు, బెంగళూరు వెళ్ళండి. కడుపులో ఉన్న బిడ్డకే వైద్యం చేసేవాళ్ళు అక్కడ ఉన్నారు" అన్నాడు.

"బిడ్డ కడుపులోనే ఉండాది కదా సార్. ఆ బిడ్డకు మందు యాడ వేస్తారు?" అని ఖాసీం అడిగాడు.

"అది వాళ్ళు చెప్తారు. మీరు మాత్రం ఆలస్యం చేయొద్దు."

ఆ రోజు నుంచి రెండు వారాలకోసారి బెంగళూరు ప్రయాణం. ధర్మవరం, పెనుకొండ దాటి హైవే ఎక్కేవాళ్ళం. కిటికీలోంచి చూస్తే వాన కోసం దున్ని పెట్టిన చేలు, విత్తనం పడని చేలు.

స్కానింగు గది బయట ఎదురుచూపే పెద్ద పని. పొద్దున ఎనిమిదికి చేరితే మధ్యాహ్నానికి పిలిచేవాళ్ళు. పుట్టబోయే బిడ్డ ఆడో మగో అడగడం నేరం అని గోడ మీద బోర్డు. అందులోని కన్నడం అక్షరాలు కూడబలుక్కుంటూ కూర్చునేదాన్ని. ఆడో మగో మాకెందుకు, ఉందో లేదో చెప్పండి చాలు అనుకునేదాన్ని.

అక్కడే పద్మావతమ్మ పరిచయమైంది. సోమందేపల్లెలో వాళ్ళకు బట్టల అంగడి. కోడలు గీత కడుపులోని బిడ్డ గుండెలో లోపం ఉందని తీసుకొచ్చింది. నా పక్కన కూర్చుని బొరుగుల ఉగ్గాని డబ్బా మూత తీసింది.

"ఏ ఊరు పాపా?"

"ముదిగుబ్బ అమ్మా."

"అయ్యో, మన పక్కనే. తిను. నువ్వు తినకుంటే లోపలున్న బిడ్డ ఏం తింటుంది? ఏమప్పా, నువ్వూ తిను, మొగం చూస్తే నీకే సూది వేసేట్టు ఉండాది" అంది ఖాసీంతో. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను.

స్కానింగులో బిడ్డ తలలోని రక్తనాళం చూసేవాళ్ళు. రక్తం పలచబడితే అక్కడ వేగంగా పరుగెడుతుందట. అందుకే నేను నా బిడ్డ ముఖం చూడలేదు, కాళ్ళూ చేతులూ చూడలేదు. తెర మీద ఎగిరెగిరి పడే రేఖ చూశాను. ప్రతిసారీ అది కొంచెం పైకి వెళ్తోంది.

ఆగస్టు

ఇరవై అయిదో వారంలో డాక్టరమ్మ పొట్ట మీద తిప్పే ప్రోబు పక్కన పెట్టి నా చేయి పట్టుకుంది. కన్నడం కలిసిన తెలుగులో మెల్లగా చెప్పింది. "ఇంక కాయకూడదు, ఆగకూడదు అమ్మా. బిడ్డకు రక్తం తక్కువైంది. నీ కడుపులోంచి సూది పంపి, బొడ్డుతాడులోకి రక్తం ఎక్కిస్తాం."

"చేస్తే బతుకుతుందా?"

"చాలామంది బతుకుతారు. సూది వేసేటప్పుడు పోయిన బిడ్డలూ ఉన్నారు. చేయకపోతే మాత్రం..." అని ఆగింది. మిగిలింది నాకు తెలుసు.

ఇంకో కాగితం కూడా ఇచ్చింది. బిడ్డ రక్తం గ్రూపును తల్లి రక్తంలోనే కనిపెట్టే పరీక్షల మీద వాళ్ళు పనిచేస్తున్నారట. నా రక్తం కొంచెం అందుకోసం ఉంచుకోవచ్చా, ఇష్టం లేకపోతే వద్దు, వైద్యం ఏమీ మారదు అంది. ప్రతి అక్షరం రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. రేపు ఎవరికైనా ఒక సూది తగ్గుతుందేమో.

రక్తం సిద్ధం కావడానికి ఇంకా రెండు గంటలు పడుతుందన్నారు. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ఖాసీం నేల వైపే చూస్తున్నాడు.

"నూర్జా, ఒకటి చెప్తా. తిట్టద్దు."

"ఏంది?"

"వానికి పేరు పెట్టినా."

నేను ఆయన వైపు తిరిగాను.

"మట్టి వేసేముందు చెవిలో చెప్పినా. యూసుఫ్ అని. నీకు చెప్తే ఇంకా ఏడుస్తావని గమ్మునుండినా."

"రెండేండ్లు నువ్వొక్కడివే పిలుచుకుంటాండావా?"

"అంగడిలో ఎవరూ లేనప్పుడు పిలుస్తా." మళ్ళీ నేల వైపు చూస్తూ, "నువ్వు బస్సులో ఆ పక్కే కూచుంటావని తెలుసు. వాడుండేది తూరుపు మూల. బస్సుకు కనపడదు మే నూర్జా. ఎట్ల చెప్పేది నీకు?" అన్నాడు.

నాకు కోపం రాలేదు. ఆ పేరు లోపల ఒకసారి అనుకున్నాను. యూసుఫ్. ఒక చెవీ తడి జుట్టూ మాత్రమే ఉన్న బిడ్డకు పేరు వచ్చింది. ఆ ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, ఎదుటివాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా, రెండేళ్ళుగా ఏడవని ఏడుపు ఏడ్చాను. పిలవాలని ఉంది. పిలిస్తే పలికేవాళ్ళు లేరు.

లోపల నాకు మత్తు ఇవ్వలేదు. పొట్ట మీద చల్లటి మందు రాశారు. బిడ్డ కదిలితే సూది తప్పుతుందని, ముందు బిడ్డకే కదలకుండా ఒక మందు వేశారు. సూది దిగినప్పుడు పంటి బిగువున ఊపిరి పట్టాను. "చూడమ్మా, పోతోంది" అంది డాక్టరమ్మ. తెర మీద బొడ్డుతాడులో తెల్లటి నురగలాంటిది చకచకా మెరుస్తూ సాగింది. ఎవరిదో రక్తం. నాది పనికిరాని చోట, పరాయివాళ్ళది నా బిడ్డలోకి పోతోంది.

అయిపోయాక అసలు పరీక్ష మొదలైంది. ఆ మందు ప్రభావం పోయేవరకు రెండు మూడు గంటలు బిడ్డ కదలదు, కంగారు పడవద్దు అని ముందే చెప్పారు. గుండె కొట్టుకుంటోందని స్కానింగులో చూపించారు కూడా. అయినా కదలని కడుపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అదే బరువు, అదే నిశ్శబ్దం. పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని గోడ గడియారం చూస్తూ పడుకున్నాను. గంట. రెండు గంటలు. ఖాసీం టీ తెచ్చాడు, చల్లారిపోయింది. మూడు కావస్తుండగా ఎడమవైపు, పక్కటెముకల కింద, చిన్న చేప తోక ఆడించినట్టు ఒక కదలిక.

"కొట్టింది" అన్నాను.

ఖాసీం టీ గ్లాసు కింద పెట్టబోయి ఒలకబోసుకున్నాడు.

సెప్టెంబరు

ఎక్కించిన రక్తం మూడు నాలుగు వారాలకు అరిగిపోతుంది, మళ్ళీ ఎక్కించాలి. రెండోసారి వెళ్ళేసరికి సరిపడే రక్తం దొరకలేదు. బిడ్డకు ఇచ్చేది ఓ నెగెటివ్ అయ్యుండాలి, తాజాది కావాలి, నా రక్తంతో సరిపోవాలి. రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్ళలో ఒకరికి జ్వరం, ఇంకొకరు ఊళ్ళో లేరు. తెర మీద రేఖ మళ్ళీ పైకెక్కింది. రెండు రోజులకు మించి ఆగలేం అన్నారు.

ఆ మధ్యాహ్నం వార్డు తలుపు దగ్గర మా అమ్మ కనిపించింది. ధర్మవరం దాటి ఎప్పుడూ వెళ్ళని మనిషి. ఆయేషాను మా ఆడపడుచు దగ్గర వదిలి, ఆసుపత్రి పేరు రాసిన కాగితం అందరికీ చూపిస్తూ, మూడు బస్సులు మారి వచ్చింది.

అమ్మ నేరుగా నర్సు ముందుకు వెళ్ళి చేయి చాపింది. "నా రక్తం తీసుకోండమ్మా. కావల్సినంత తీసుకోండి. దాన్ని కన్నది నేనే కదా."

వాళ్ళు పాపం కాదనకుండా పరీక్ష చేశారు. అమ్మది పాజిటివ్. పైగా ఆమె ఒంట్లోనే రక్తం తక్కువగా ఉంది. అది విని అమ్మ నా మంచం కాళ్ళ దగ్గర కూలబడింది.

"ఇది గూడా పనికి రాదంట నూర్జా. ఆ పొద్దు ఆ చీటీ ఎవురికన్నా చూపించింటే..."

"అమ్మా, ఆ చీటీ నెల రోజులు నా పక్కనే ఉండింది. నాకు చదువొచ్చు. నేనూ చూడలే."

అమ్మ నా పాదం పట్టుకుని అలాగే కూర్చుంది. నేను చాలా ఆలస్యంగా చెప్పిన మాట అది.

పద్మావతమ్మ ఆ రోజు కోడలితో స్కానింగుకు వచ్చి, మా సంగతి విని నిలబడ్డచోటే ఫోను తీసింది. సోమందేపల్లె, పెనుకొండ, హిందూపురం అంగళ్ళవాళ్ళ గ్రూపులో తన గొంతుతోనే ఒక సందేశం పెట్టింది. "అన్నా, మనూరి పక్క ఆడబిడ్డ ఈడ ఉండాది. కడుపులో బిడ్డకు రక్తం కావల్ల. ఓ నెగెటివ్ ఉండేటోళ్ళు యాడున్నా బిన్నా రాండి. రేపు కాదు, ఈపొద్దే."

మరుసటి రోజు పదకొండింటికి నర్సు వచ్చి రక్తం సరిపోయిందని చెప్పింది.

"ఎవరు ఇచ్చినారు?" అని అడిగాను.

"పేరు చెప్పకూడదు. సోమందేపల్లె వైపు నుంచి వచ్చినాడంట. ఇచ్చి, బిస్కెట్టు కూడా తినకుండా, బస్సుకు టైమైందని వెళ్ళిపోయినాడు."

రెండోసారి ఎక్కించాక నేను తేరుకుని కృతజ్ఞత చెప్పడానికి పద్మావతమ్మ కోసం చూశాను. వాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆమెను మళ్ళీ అక్కడ చూడలేదు.

అక్టోబరు

మూడోసారి కూడా ఎక్కించారు. ముప్పై అయిదో వారం దాటాక ఇక లోపల ఉంచడం మంచిది కాదని ఆపరేషన్ చేశారు. పాప. ఏడుపు విన్నాను. సన్నగా, గాజుసీసా మూత తిప్పినట్టు ఉంది. ముఖం ఒక్క క్షణం చూపించి అద్దాల గదిలోకి తీసుకెళ్ళారు. పసరికలు, అదే కామెర్లు, తగ్గడానికి నీలం దీపాల కింద, కళ్ళకు గంతలు కట్టి పడుకోబెట్టారు. తొమ్మిది రోజులు నేను ఆమెను ఎత్తుకోలేదు. గుండ్రటి కిటికీలోంచి చేయి పెట్టి అరిపాదం మాత్రం తాకేదాన్ని. పాలు పిండి గిన్నెలో ఇచ్చి వచ్చేదాన్ని. రొమ్ములు బరువెక్కినప్పుడల్లా చేతులు ఖాళీగా ఉన్నాయన్న సంగతి గుర్తొచ్చేది.

నాలుగో రోజు రక్తపరీక్ష కాగితం చూసి అడిగాను. "ఓ నెగెటివ్ అని ఉంది. పాజిటివ్ అన్నారు కదా?"

డాక్టరమ్మ నవ్వింది. "అది ఆమెది కాదు అమ్మా. ఇప్పుడు ఆమె ఒంట్లో తిరిగేదంతా ఇచ్చినవాళ్ళ రక్తమే. తన సొంతం ఇంకా తయారుచేయడం లేదు. కొన్ని నెలలు పడుతుంది."

అద్దం దగ్గరికి వెళ్ళి చూశాను. ఎర్రబడుతున్న ఆ పెదవుల ఎరుపు, గోళ్ళ కింది గులాబీ రంగు ముగ్గురు తెలియని మనుషులది. పదో రోజు నా ఒళ్ళో పెట్టినప్పుడు ఆమె బరువు ఒక పుస్తకాల సంచి అంత కూడా లేదు. మెడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. అంతవరకు పడ్డ బాధేదీ ఆ క్షణం నాకు గుర్తులేదు.

సఫియా అని పేరు పెట్టాం. ఈసారి ఖాసీం అజాన్ చెవిలో చెప్పి, పేరు మాత్రం అందరికీ వినపడేట్టు గట్టిగా అన్నాడు.

ఇంటికి వచ్చిన వారానికి పద్మావతమ్మకు ఫోను చేశాను. సంతోషపడింది. గీత సంగతి అడిగాను. "ఒక్క పొద్దే బతికినాడు పాపా. ముక్కు అచ్చం మా ఆయన ముక్కే" అంది. ఆమే మళ్ళీ అంది, "నీ బిడ్డ ఫోటో పంపు. గీత చూడల్ల అంటాండాది." పంపాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి పంపాను. గీత దగ్గర్నుంచి తన బిడ్డ కోసం అల్లిన పసుపుపచ్చ టోపీ ఒకటి పార్సిల్లో వచ్చింది.

ఫిబ్రవరి

ఇంటికి వచ్చాక కూడా సఫియాకు రెండుసార్లు రక్తం ఎక్కించాల్సి వచ్చింది. వారం వారం పరీక్షలు. సూది గుచ్చిన మడమల మీద చిన్న చిన్న మచ్చలు. నాలుగో నెల దాటాక, బెంగళూరులో కాగితం చేతికిచ్చి చదువుకోమంది డాక్టరమ్మ.

ఓ పాజిటివ్.

"తన రక్తం తనే తయారు చేసుకుంటోంది. ఇంక ఎక్కించక్కర్లేదు."

ఖాసీం ఆ కాగితం తీసుకుని వెలుతురుకు పట్టుకుని చూశాడు. "నా రక్తం వచ్చింది మే దానికి" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

నాకూ సంతోషమే. కానీ తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చున్నాక మనసు వెలితిగా అనిపించింది. యూసుఫ్ కోసం ఉండే వెలితి వేరు, అది నాతోనే ఉంటుంది. ఇది ఇంకొకటి. ఇన్ని నెలలు నా బిడ్డను మోసినవాళ్ళు ఆమె ఒంట్లోంచి మెల్లగా వెళ్ళిపోయారు. వాళ్ళకు ఆ సంగతి కూడా తెలియదు. తాము ఇచ్చిన రక్తం ఇంకా పుట్టని ఒక పాపకు వెళ్ళిందని తెలుసో లేదో. ఒక్కసారి చూడాలనిపించింది. ఏమీ చెప్పక్కర్లేదు, ఒక్కసారి ఎత్తుకోనిస్తే చాలు.

సోమందేపల్లెలో బస్సు ఆగింది. దిగేవాళ్ళు దిగుతున్నారు. టీకొట్టు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఒకాయన మోటారుసైకిల్ మీద బియ్యం మూట సర్దుకుంటున్నాడు. ఇంకొకాయన అంగడి ముందు నీళ్ళు చల్లుతున్నాడు. నేను సఫియాను రెండు చంకల కింద పట్టుకుని కిటికీ దగ్గర నిలబెట్టాను.

"ఏం చేస్తాండావు, ఎండ తగులుతుంది" అన్నాడు ఖాసీం.

"ఎవరో తెలీదు కదా. అందరికీ చూపిస్తాండా" అన్నాను.

ఆయన తన చేతిని పాప నెత్తి మీద నీడలా అడ్డం పెట్టాడు. బస్సు కదిలేదాకా అలాగే పట్టుకున్నాను.